పల్చగా పేస్ట్, గట్టిగా బిగింపు

థర్మల్ పేస్ట్ వేడిని బ్రహ్మాండంగా లాగేస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి ఆ పనిలో అది నాసిరకం పదార్థం. రాగి ఉష్ణవాహకత సుమారు 400. అల్యూమినియంది 200 పైచిలుకు. పేరున్న పేస్టులన్నీ 4 నుంచి 14 మధ్య ఎక్కడో ఉంటాయి. (ట్యూబు మీద కనిపించే ‘వాట్స్ పర్ మీటర్ కెల్విన్’ లెక్క ఇదే.) అంటే ఎంత ఖరీదు పెట్టి కొన్న పేస్టయినా, రాగి ఇచ్చే దారిలో పాతికో వంతు కూడా వేడికి ఇవ్వదు.

మరి ఎందుకు పూస్తాం? మధ్యలో దూరే గాలి అంతకంటే ఘోరం కాబట్టి. గాలి ఉష్ణవాహకత 0.026 మాత్రమే. ప్రాసెసర్ మీది లోహపు మూత, కూలర్ అడుగు పలక రెండూ కంటికి నున్నగానే కనిపిస్తాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే అన్నీ గుంతలూ మిట్టలే. ఒకదాని మీద ఒకటి పెడితే మిట్టలు మాత్రమే తాకుతాయి, గుంతల్లో గాలి మిగిలిపోతుంది. ఆ గాలిని బయటకు నెట్టి దాని చోట్లో కూర్చోవడమే పేస్ట్ ఉద్యోగం. పెయింటర్ గోడకు లప్పం పట్టేది గోడ మందం పెంచడానికి కాదు కదా, గుంతలు పూడ్చడానికి. పూడ్చగా మిగిలింది గీకేస్తాడు. ఇక్కడ ఆ గీకే పని కూలర్ ఒత్తిడి చేస్తుంది.

అందుకే ఏ కంపెనీది కొన్నారన్న దానికంటే, కొన్నది ఎంత పల్చని పొరగా నిలిచిందన్నదే ముఖ్యం. ఆ పల్చదనం కూడా పూసే చేతిలో కంటే బిగించే స్క్రూల్లోనే ఎక్కువ ఉంది.

నమ్మకం కుదరకపోతే చిన్న లెక్క వేద్దాం. ప్రాసెసర్ 100 వాట్ల వేడి పుట్టిస్తోందనుకోండి. ఆ వేడి ఎక్కువగా నాలుగు చదరపు సెంటీమీటర్ల మేర దాటుతోందని, పేస్ట్ పొర మందం 0.05 మిల్లీమీటర్లని అనుకుందాం. వాహకత 1 చుట్టుపక్కల ఉండే పేరులేని తెల్ల పేస్ట్ అయితే ఆ పొర దగ్గరే 12 డిగ్రీలకు పైగా తేడా పడుతుంది. వాహకత 4 ఉన్న పేస్టుతో అది 3 డిగ్రీలకు దిగుతుంది. 8 ఉన్నదైతే ఒకటిన్నర, 12 ఉన్నదైతే ఒక డిగ్రీ. చూశారుగా, ఊరూపేరూ లేని తెల్లదాన్నుంచి ఒక మాదిరి మంచిదానికి మారితే తొమ్మిది డిగ్రీలు లాభం. అక్కణ్ణుంచి అత్యంత ఖరీదైనదానికి ఎగబాకితే దక్కేది రెండు డిగ్రీలు. ఇప్పుడు వాహకత 8 ఉన్న ఆ మంచి పేస్టునే, బిగింపు సరిగ్గా లేక 0.2 మిల్లీమీటర్ల మందాన వదిలేయండి. ఆరు డిగ్రీల పైనే పోయింది. వాహకత 4 ఉన్న చవక పేస్టును పల్చగా నిలిపినవాడు మిమ్మల్ని దాటేశాడు.

అసలు దోషం పేస్టుదేనా?

కంప్యూటర్ వేడెక్కుతోందనగానే పేస్ట్ మార్చేయమని చెప్పేవాళ్ళే ఎక్కువ. నా లెక్కలో పేస్ట్ వంతు ఆఖరున వస్తుంది. ముందు కేబినెట్ పక్క పలక తీసి, ఫ్యాన్ కింద హీట్‌సింక్ రెక్కల మధ్యలోకి టార్చి వేసి చూడండి. మన ఊళ్ళ దుమ్ముకు ఏడాది తిరిగేసరికి అక్కడ దూది పరుపు తయారై ఉంటుంది. ఫ్యాన్ రెక్క కదలకుండా వేలితో పట్టుకుని, బ్రష్‌తోనో బ్లోయర్‌తోనో దులపండి. ఫ్యాన్‌ను వదిలేసి గాలి కొడితే అది అదుపు లేకుండా తిరిగి బేరింగ్ పాడవుతుంది. దులిపాక వేడి తగ్గిపోతే ఈ అధ్యాయం తర్వాత ఎప్పుడైనా చదువుకోవచ్చు.

రెండోది గది. ఏ ఎయిర్ కూలరైనా ప్రాసెసర్‌ను గదిలోని గాలి కంటే చల్లగా ఉంచలేదు. గది 26 డిగ్రీల్లో ఉన్నప్పుడు ప్రాసెసర్ 70 చూపిస్తే, అదే పని మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 38 డిగ్రీల గదిలో చేయిస్తే 82 చూపిస్తుంది. ఆ పన్నెండు డిగ్రీలు పేస్ట్ తప్పు కాదు, ఏ పేస్టూ వాటిని తగ్గించలేదు. అందుకే ఉష్ణోగ్రత రాసుకునేటప్పుడు పక్కనే గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేదే మీ కూలర్ అసలు మార్కు. కంప్యూటర్‌ను బల్ల కింద గోడకు ఆనించి, వెనక గాలి పోయే దారి మూసేసి, పేస్ట్ మీద పడేవాళ్ళు చాలామందే ఉన్నారు.

మూడో పరీక్ష అన్నిటికంటే పనికొచ్చేది, పైసా ఖర్చు లేనిది. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో గానీ కోర్ టెంప్ గానీ తెరిచి పెట్టి, సినీబెంచ్ లాంటి బరువైన పని మొదలుపెట్టండి. అంకె ఎంత పెరిగిందని కాదు, ఎంత వేగంగా పెరిగిందో చూడండి. మొదలైన రెండు మూడు సెకన్లలోనే 50 నుంచి 90కి ఎగిరి కూర్చుంటే, వేడి ప్రాసెసర్ దగ్గరే ఇరుక్కుని హీట్‌సింక్‌లోకి దిగడం లేదన్నమాట. ఎండిన పేస్టో, వదులైన బిగింపో కారణం. అలా కాకుండా పది నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కుతూ పోతే వేడి హీట్‌సింక్‌లోకి వస్తోంది, కానీ అక్కణ్ణుంచి గాలిలోకి పోవడం లేదు. అది దుమ్ము, ఫ్యాన్, కేబినెట్ గాలి సమస్య. మొదటి రకమైతేనే పేస్ట్ కొనండి.

ఒక్క మాట, 90 అంకె చూడగానే కంగారు పడకండి. ఈ మధ్య ప్రాసెసర్లలో ఎక్కువ వాటికి తయారీదారు పెట్టిన హద్దు 90 నుంచి 100 డిగ్రీల మధ్య ఉంటుంది. హద్దు తగిలితే అవి తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ వేడి పెరగడం ఆగకపోతే మిషన్ ఆగిపోతుంది. ఏఎండీ 2022లో తెచ్చిన రైజెన్ 7000 వరుసలో చివర ‘ఎక్స్’ ఉన్నవైతే, పూర్తి బరువు మీద 95 డిగ్రీల దాకా వెళ్ళేలానే తయారుచేశారు.

ఏది కొనాలి

పేస్ట్ అంటే సిలికోన్ నూనె లాంటి జిగురు ద్రవంలో వేడిని లాగే పొడిని కలిపిన ముద్ద. ఆ పొడి జింక్ ఆక్సైడ్ కావచ్చు, అల్యూమినియం ఆక్సైడ్ కావచ్చు, కార్బన్ కావచ్చు, వెండి కావచ్చు. మామూలు ఇంటి కంప్యూటర్‌కు రెండే షరతులు: కరెంటు పారనిది కావాలి, సీలున్న పేరున్న ట్యూబ్ కావాలి. ఆర్కిటిక్ ఎంఎక్స్-4, నాక్టువా ఎన్‌టీ-హెచ్1, వాటి తర్వాత వచ్చిన ఎంఎక్స్-6, ఎన్‌టీ-హెచ్2 ఈ షరతులకు సరిపోతాయి. కూలర్ మాస్టర్, డీప్‌కూల్ కంపెనీల మధ్యరకం ట్యూబులు కూడా చాలు. వీటి మధ్య తేడా ఒకటి రెండు డిగ్రీలు. ఊళ్ళో దొరికేది కొనుక్కోండి. ఖరీదైనదాని కోసం వారం రోజులు కొరియర్‌కు ఎదురుచూడక్కర్లేదు.

ట్యూబు మీది అంకెలను అతిగా నమ్మకండి. వాహకత కొలిచే పద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. 12.5 అని ఒకరు, 8.5 అని ఇంకొకరు రాసినంత మాత్రాన మీ ప్రాసెసర్ మీద ఆ నిష్పత్తిలో తేడా రాదు. పైన వేసిన లెక్కలో ఎందుకో చూశాం. చిక్కదనం మాత్రం పట్టించుకోదగ్గది. మరీ గట్టి పేస్ట్ అయితే, ఒత్తిడి తక్కువగా ఉండే కూలర్ కింద అది పరుచుకోదు. మొదటిసారి చేసేవాళ్ళకు కాస్త జారుగా ఉండేదే మేలు.

రెండు గ్రాములదో నాలుగు గ్రాములదో చిన్న ట్యూబ్ చాలు. మూడున్నర గ్రాముల ట్యూబుతో ప్రాసెసర్ సైజును బట్టి 3 నుంచి 20 సార్లు పూయవచ్చని నాక్టువా చెబుతుంది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి కొనుక్కోవచ్చు. పెద్ద ట్యూబ్ కొని అటక మీద పడేస్తే, మన ఎండలకు నూనె వేరుపడి పొడి అడుగుకు చేరుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా సీలు చూసి తీసుకోండి. నమ్మలేనంత తక్కువ ధరకు పేరున్న ట్యూబ్ ఇస్తామంటే అనుమానించండి. ఎంఎక్స్-4కు నకిలీలు బాగా పుట్టుకొచ్చాయి.

లిక్విడ్ మెటల్ గురించి విని ఉంటారు. గాలియం, ఇండియం, తగరం కలిసిన మిశ్రమ లోహం, గదిలో ద్రవంగానే ఉంటుంది. వాహకతలో మామూలు పేస్టులు దాని దరిదాపుల్లోకి రావు. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో సోనీ దాన్నే వాడింది. అయితే అది కరెంటును పారిస్తుంది, ఒక చుక్క జారి మదర్‌బోర్డ్ మీద పడితే బోర్డు చేతికి రాదు. గాలియం అల్యూమినియంను తినేస్తుంది కూడా. సోనీ ఫ్యాక్టరీలో దాన్ని కట్టడి చేసే ఏర్పాట్లు వేరే ఉంటాయి. ఇంట్లో, అందులోనూ అల్యూమినియం అడుగున్న కూలర్ కింద, దాని జోలికి పోవద్దు. టూత్‌పేస్టుతో నడిపించి వీడియో పెట్టినవాళ్ళను కూడా చూసి ఉంటారు. అందులో నీళ్ళున్నంతసేపూ నిజంగానే పనిచేస్తుంది. నీళ్ళు ఆరాక ప్రాసెసర్ మీద సున్నం పెళ్ళ మిగులుతుంది.

పాతది విప్పడం

ఇక్కణ్ణుంచి ఒక మిషన్‌ను దగ్గర పెట్టుకుని మాట్లాడుకుందాం. మన దగ్గర చాలా ఇళ్ళలో ఉన్నదే తీసుకుందాం: ఏఎం4 సాకెట్‌లో రైజెన్ 5 5600, దాంతోపాటే డబ్బాలో వచ్చిన రేత్ స్టెల్త్ కూలర్. కొత్తగా కొన్నప్పుడు ఆ కూలర్ అడుగున పేస్ట్ పూసే ఉంటుంది. అది బాగానే పనిచేస్తుంది, గీకేసి వేరేది పూయాల్సిన పని లేదు. కానీ అది ఒక్కసారికే. ఏ కారణంతోనైనా కూలర్ పైకి లేపారంటే రెండువైపులా తుడిచి, కొత్తది పూయాల్సిందే.

ఈ మొత్తం పనిలో నష్టం జరిగేది పూసేటప్పుడు కాదు, విప్పేటప్పుడు. ఏఎం4 ప్రాసెసర్‌కు అడుగున 1331 సన్నని పిన్నులుంటాయి. ఏళ్ళ తరబడి ఎండిన పేస్ట్ జిగురులా పట్టేసి ఉంటుంది. స్క్రూలు విప్పి కూలర్‌ను నిలువుగా పైకి లాగారంటే, సాకెట్ లీవర్ వేసే ఉన్నా సరే, ప్రాసెసర్ కూలర్‌కు అంటుకుని ఊడి వచ్చేస్తుంది. నాలుగు పిన్నులు వంగాయంటే ఆదివారం గడిచిపోయినట్టే.

అలా కాకుండా ఉండాలంటే ముందు మిషన్‌ను వేడెక్కించండి. పది పదిహేను నిమిషాలు ఏదైనా బరువైన పని నడిపితే పేస్ట్ మెత్తబడుతుంది. తర్వాత షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, యూపీఎస్ నుంచి కూడా విడదీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క పలక తీశాక ఇనుప కేబినెట్‌ను ఒకసారి చేత్తో తాకి, ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోండి. ఫ్యాన్ వైరును మదర్‌బోర్డ్ నుంచి తీసేయండి. మరీ ఆలస్యం చేస్తే పేస్ట్ మళ్ళీ చల్లారిపోతుంది.

కేబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. స్టెల్త్‌కు నాలుగు స్ప్రింగ్ స్క్రూలుంటాయి. అవి మదర్‌బోర్డ్ వెనకున్న లోహపు పలకలోకి దిగుతాయి. స్క్రూలన్నీ ఊడగానే ఆ పలకను పట్టి ఉంచేది ఏదీ ఉండదు, వెనక్కి జారిపోతుంది. చాలామంది ఇక్కడే తెల్లబోతారు. రెండో పక్క పలక కూడా తీసి, వెనకనుంచి ఒక చేత్తో దాన్ని ఆపి పెట్టండి, లేదా ఇంట్లో ఇంకొకరిని పట్టుకోమనండి. స్క్రూలను ఒక్కటొక్కటిగా పూర్తిగా విప్పేయకండి. ఎదురెదురు మూలలవి జంటగా, తలా రెండేసి చుట్లు వదులు చేస్తూ రండి.

నాలుగూ ఊడాక కూలర్‌ను పైకి లాగకండి, తిప్పండి. సీసా మూత తిప్పినట్టు కుడికి కొంచెం, ఎడమకు కొంచెం. జిగురు వదిలిన సంగతి చేతికే తెలుస్తుంది. అప్పుడు మెల్లగా పక్కకు వాల్చి తీయండి. ఎంత తిప్పినా రాకపోతే మళ్ళీ బిగించి, వైరు పెట్టి, ఇంకోసారి వేడెక్కించండి. స్క్రూడ్రైవర్ సందులో దూర్చి ఎత్తడం మాత్రం వద్దు.

ఇంత చేసినా ప్రాసెసర్ ఊడి వచ్చిందా? కూలర్‌తో సహా దాన్ని తిరిగి సాకెట్‌లో గుచ్చాలని చూడకండి, లీవర్ వేసి ఉన్న సాకెట్‌లో పిన్నులు దిగవు. కూలర్‌ను తిరగేసి పట్టుకుని, పిన్నులకు వేలు తగలకుండా ప్రాసెసర్ అంచులు పట్టి, పక్కకు జరుపుతూ విడదీయండి. పిన్నులను వెలుతురులో ఏటవాలుగా చూస్తే వంగిన వరుస తెలిసిపోతుంది. సన్నని ప్లాస్టిక్ కార్డు అంచుతోనో, సీసం తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనతోనో నెమ్మదిగా నిలబెట్టవచ్చు. తిరిగి పెట్టేటప్పుడు లీవర్ పైకెత్తి, మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుతో కలిపి వదలండి. తన బరువుకు తనే దిగాలి. నొక్కాల్సి వచ్చిందంటే ఎక్కడో ఒక పిన్ను వంకర ఉందన్నమాట.

తుడవడం

దీనికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి, 90 శాతానికి పైబడినది. మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే చోట ఐపీఏ అంటే ఇస్తారు. శానిటైజర్ వద్దు, అందులో నీళ్ళు, గ్లిజరిన్ ఉంటాయి, తుడిచాక పొర మిగిలిపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్లలో నూనెలు, సువాసనలు కలుపుతారు, అదీ వద్దు. దూది పోగులు వదులుతుంది. కళ్ళద్దాలు తుడిచే గుడ్డ గానీ మంచి టిష్యూ గానీ తీసుకోండి.

ముందు పొడి టిష్యూతో ముద్దను తీసేయండి. ద్రవాన్ని గుడ్డ మీద చల్లుకోండి, ప్రాసెసర్ మీద పోయకండి. ప్రాసెసర్‌ను సాకెట్‌లోనే ఉంచి తుడవడం మంచిది. అంచుల నుంచి మధ్యలోకి తుడిస్తే మురికి బోర్డు మీదకు పోదు. ప్రాసెసర్ మీద అక్షరాలు స్పష్టంగా కనపడి, కూలర్ అడుగు మెరిసేదాకా చేయండి. తర్వాత రెండు ఉపరితలాలనూ వేలితో ముట్టుకోకండి, వేలి జిడ్డు కూడా ఒక పొరే. ఒకటి రెండు నిమిషాల్లో ఆల్కహాల్ ఆరిపోతుంది.

పూయడం, బిగించడం

మధ్యలో ఒక చుక్కా, ఇంటూ గుర్తా, అడ్డగీతా, లేక కార్డుతో అంతటా పరచాలా అని కుర్రాళ్ళు గంటలకొద్దీ వాదించుకుంటారు. పేస్ట్ అంచులదాకా చేరితే అన్నీ ఒకటే. చేరకపోవడమే సమస్య. మన 5600లో లోహపు మూత కింద రెండు చిప్పులుంటాయి, అసలు వేడి పుట్టించే కోర్లున్న చిప్పు సరిగ్గా నడిమధ్యలో ఉండదు. మధ్య చుక్క చిన్నదై, అంచులు పొడిగా మిగిలితే ఆ పొడి చోటు కింద చిప్పు అంచు ఉండవచ్చు. అందుకని నడిమధ్య కందిగింజంత చుక్క, నాలుగు మూలలకు కొంచెం లోపలగా ఆవగింజంత చుక్క ఒక్కోటి. అంతే. పరచకండి, ఒత్తిడే పరుస్తుంది. మీరు చేత్తో పరిస్తే గాలి బుడగలు ఇరుక్కునే అవకాశం ఎక్కువ.

కొంచెం ఎక్కువైతే? కరెంటు పారని పేస్టయితే అంచుల వెంట బయటకు వస్తుంది, చూడ్డానికి బాగుండదు, అంతకు మించి నష్టం లేదు. తక్కువైతేనే ప్రమాదం. ఎక్కువ తక్కువల మధ్య సందేహం వస్తే ఒక ఆవగింజ ఎక్కువే వేయండి.

ఇప్పుడు వేరే కొత్త కూలర్ పెడుతున్నవాళ్ళు దాని అడుగును ఒకసారి తిరగేసి చూడండి. చాలా కూలర్లకు పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అంటించి వస్తుంది. ‘బిగించే ముందు తీసేయండి’ అని రాసి ఉన్నా సరే, దాంతోనే బిగించేసి, పేస్ట్ బాగాలేదని దుకాణానికి తిరిగి వెళ్ళేవాళ్ళకు కొదవ లేదు.

కూలర్‌ను నిటారుగా దించండి. కిందకు తగిలాక పక్కలకు బాగా జరపకండి, మళ్ళీ పైకి ఎత్తి చూసుకోకండి. ఎత్తితే గాలి దూరుతుంది. ఎత్తక తప్పకపోతే తుడిచి మళ్ళీ పూయడమే. నాలుగు స్క్రూలూ ముందు మరలో ఒకటి రెండు చుట్లు పట్టేలా తగిలించండి. ఆపైన ఎదురెదురు మూలలు జంటగా: మొదటిదానికి రెండు చుట్లు, దాని ఎదుటిదానికి రెండు, మూడోదానికి రెండు, దాని ఎదుటిదానికి రెండు. అలాగే తిరుగుతూ ఆగేదాకా. ఒక మూలను ముందే గట్టిగా బిగిస్తే కూలర్ ఆ వైపు ఒరిగి, పేస్ట్ అంతా ఎదుటి వైపుకు జరిగిపోతుంది. ఆ వైపు పొర మందం తర్వాత పూర్తిగా సర్దుకోదు. స్ప్రింగులు ఉన్నది ఎంత ఒత్తిడి కావాలో నిర్ణయించడానికే. స్క్రూ ఆగాక ఇంకా బలం పెట్టనక్కర్లేదు. ఈ పని నిదానంగా చేయండి, మిగతా అన్నిటికంటే ఫలితం ఇచ్చేది ఇదే.

ఫ్యాన్ వైరును బోర్డు మీద ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసి ఉన్న పిన్నులకే పెట్టండి. మరిచిపోతే చాలా బోర్డులు ఆన్ చేయగానే హెచ్చరిస్తాయి.

ఇంటెల్ డబ్బాలో వచ్చే మామూలు కూలర్‌కు స్క్రూలుండవు, నాలుగు ప్లాస్టిక్ పుష్ పిన్నులుంటాయి. వాటి తలలను బాణం గుర్తు వైపు తిప్పితే వదులవుతాయి. తిరిగి పెట్టేముందు వాటిని మొదటి స్థానానికి తిప్పుకుని, ఎదురెదురుగా టక్కుమనేదాకా నొక్కాలి. నాలుగింట్లో ఒకటి సగమే దిగడం చాలా మామూలు. బోర్డు వెనక నుంచి నాలుగు కాళ్ళూ పూర్తిగా విచ్చుకున్నాయో లేదో చూస్తే గానీ తెలియదు. ఇంటెల్ మిషన్ ‘పేస్ట్ మార్చినా తగ్గలేదు’ అని వస్తే నేనైతే ముందు ఆ కాళ్ళనే చూస్తాను. ఇక ఏఎం5 సాకెట్ రైజెన్లకు పిన్నులు సాకెట్‌లోకి మారాయి కనుక ఊడి వచ్చే భయం పోయింది. కానీ ప్రాసెసర్ మూత చుట్టూ ఖాళీలుండి, వాటిలో చిన్న చిన్న భాగాలు కనిపిస్తుంటాయి. మామూలు పేస్ట్ అక్కడ చేరినా నష్టం లేదు, తుడవడమే విసుగు.

మీరు పూసేది కాక లోపల ఇంకో పొర కూడా ఉంటుంది, చిప్పుకూ లోహపు మూతకూ మధ్య. 2012లో ఇంటెల్ తన మూడో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆ చోట సోల్డర్ తీసేసి పేస్ట్ పెట్టింది. వేడి పెరిగిందని ఔత్సాహికులు బ్లేడుతో మూతలు కోసి, లోపలి పేస్ట్ మార్చుకునేవారు. 2018లో తొమ్మిదో తరంతో ఐ9-9900కె లాంటి వాటికి సోల్డర్ తిరిగి వచ్చింది. మన 5600లో ఉన్నది సోల్డరే, లోపలి సంగతి మనం పట్టించుకోనక్కర్లేదు.

లాప్‌టాప్ దారి వేరు. అక్కడ లోహపు మూత ఉండదు, కూలర్ నేరుగా చిప్పు మీదే కూర్చుంటుంది. వేడెక్కి చల్లారుతూ ఉంటే జారుడు పేస్ట్ కొన్నాళ్ళకు అంచుల బయటకు పాకిపోతుంది. అందుకే చాలామంది ఇప్పుడు హనీవెల్ పీటీఎం7950 లాంటి ఫేజ్ చేంజ్ షీట్ వైపు వెళ్తున్నారు. గదిలో పలుచని రేకులా ఉండి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి గుంతలు పూడుస్తుంది. లాప్‌టాప్ విప్పడం మాత్రం డెస్క్‌టాప్ అంత తేలిక కాదు, వారంటీ ఉంటే ముట్టుకోకండి.

ఇప్పుడు మొదట చేసిన పరీక్షే మళ్ళీ చేయండి. అదే పని, అంతే సేపు, వీలైతే అదే గది ఉష్ణోగ్రతలో. రైజెన్‌కు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ‘టీసీటీఎల్/టీడై’ వరుస చూడాలి. లైనక్స్ వాళ్ళకు ‘సెన్సర్స్’ కమాండ్ ఉంది. మొదలైన క్షణంలో ఎగిరి కూర్చోకుండా అంకె మెల్లగా ఎక్కుతుంటే పని కుదిరినట్టే. గది వేడి తీసేసి చూస్తే పాతదానికంటే ఎంత తగ్గిందో తెలుస్తుంది. అప్పటికీ ఎగురుతుంటే పేస్ట్ మార్చకండి, బిగింపు చూడండి. రేత్ స్టెల్త్ చిన్న అల్యూమినియం కూలర్, ఎండాకాలంలో పూర్తి బరువు మీద 80 దాటడం దానికి వింత కాదు. అది మీకు ఎక్కువనిపిస్తే ఆ డబ్బు ఇంకో పేస్ట్ మీద కాక ఒక మామూలు టవర్ కూలర్ మీద పెట్టండి. పేస్టుతో రాని పది డిగ్రీలు దాంతో వస్తాయి.

ఇంకా ‘పేస్ట్ కుదురుకోవడానికి’ వారాలు ఆగాలా అని అడుగుతారు. పాత ఆర్కిటిక్ సిల్వర్ 5కు 200 గంటల దాకా పడుతుందని కంపెనీయే చెప్పేది. ఇప్పటి ఎంఎక్స్, ఎన్‌టీ-హెచ్ పేస్టులకు అలాంటి నిరీక్షణ లేదు, మొదటి రోజు అంకే అసలు అంకె. ఏటా మార్చే అలవాటూ అక్కర్లేదు. ఎన్‌టీ-హెచ్1 ఐదేళ్ళ దాకా నిలుస్తుందని నాక్టువా, ఎంఎక్స్-4 ఎనిమిదేళ్ళని ఆర్కిటిక్ చెబుతాయి. మన ఎండలకు కొంత తగ్గించుకుని నాలుగేళ్ళనుకోండి. అందాకా కూలర్ కదపకండి, ఎండాకాలానికి ముందు ఏడాదికోసారి దుమ్ము మాత్రం దులపండి.